పెరటి చెట్టుకూ గడువుంది

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. చేతికి అందేదాని విలువ మనకు తెలియదన్న దెప్పిపొడుపు అందులో ఉంది. ఇప్పుడా సామెత తలకిందులైంది. పెరట్లో మొలిచిందీ పోపు డబ్బాలో ఉన్నదీ తప్ప వేరే మందే అక్కర్లేదన్న మాట పొద్దున లేస్తే ఫోను తెర మీద పలకరిస్తోంది. పడిశానికి మిరియాలు, బేదులకు దానిమ్మ తొక్క, కాలిన చోట పళ్ల పేస్టు, కామెర్లకు పసరు, చక్కెర వ్యాధికి మెంతులు, తేలు కుట్టినా పాము కరిచినా ఏదో ఒక ఆకు. ఇవన్నీ చిట్కాలనే ఒకే మూటలో కట్టి చేతికిస్తున్నారు. ఆ మూట మొత్తంగా మంచిదని కొందరు, మొత్తంగా మూఢనమ్మకమని కొందరు వాదించుకుంటున్నారు. నా మటుకు ఆ ప్రశ్నే సరైంది కాదనిపిస్తుంది. మూట విప్పి ఒక్కొక్కటీ విడిగా చూడాలి. చూసేటప్పుడు కూడా ‘ఇది నయం చేస్తుందా’ అని అడిగి ఊరుకోకుండా, ‘దీన్ని నమ్ముకుని ఎంతసేపు కూర్చోవచ్చు’ అని అడగాలి. గడువు చెప్పని చిట్కా సగం చిట్కాయే.

ఈ మాట నిగ్గు తేల్చుకోవడానికి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం కంటే తగిన చోటు వెతకనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి విడివడి జిల్లా అయిన ఈ నేలకు ఒక పక్క నల్లమల, మరో పక్క కుందూ నది, కేసీ కాలువ కింద వరి మళ్లు. ఆళ్లగడ్డ మీదుగా కడప వైపు దిగితే మైదుకూరు వస్తుంది. పసుపులో ఆ ఊరి పేరుతో ఒక రకమే ఉంది. పాత ఉమ్మడి జిల్లా కేంద్రమైన కర్నూలు మార్కెట్ యార్డు వాము వ్యాపారానికి పేరు పడ్డది. నల్లమలలో చెంచులు తేనె, ఉసిరి, కుంకుడు కాయలు, మారేడు గడ్డలు సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇలాంటి అటవీ ఫలసాయాన్ని కొంటుంది. ఎండాకాలం రోడ్డు పక్కన బండ్ల మీద అమ్మే నన్నారి షర్బత్ ఆ గడ్డల చలవే. అంటే చిట్కాకు కావలసిన ముడిసరుకంతా కిరాణా అంగడికి రాకముందే ఈ చుట్టుపక్కలే ఉంది. ఇంకోవైపు 2023 నుంచి నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. అడవీ, ఆసుపత్రీ రెండూ ఒకే జిల్లాలో ఉన్నాయి. దేనికి ఎప్పుడు వెళ్లాలన్నదే తేలాలి.

జలుబు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకుంటే ఏడు రోజుల్లో తగ్గుతుందని నవ్వుతూ అంటారు. గృహవైద్యం గుట్టంతా ఆ నవ్వులోనే ఉంది. రోజువారీ జబ్బుల్లో ఎక్కువ భాగం వాటంతట అవే తగ్గేవి. పైగా మనిషి చిట్కా కోసం వెతుక్కునేది రోగం బాగా ముదిరిన రోజున. ముదిరిన పడిశం మర్నాటి నుంచి నెమ్మదించడం దాని స్వభావం. నడుమ పుచ్చుకున్న కషాయానికి పేరు దక్కుతుంది. ఇలా అన్నంతమాత్రాన కషాయాన్ని తీసిపారేసినట్టు కాదు. ఒళ్లు తనంతట తాను బాగుపడడానికి నాలుగు రోజులు కావాలి. ఆ నాలుగు రోజులూ గొంతుకు వెచ్చగా, కడుపుకు తేలికగా, మనసుకు ధైర్యంగా గడిపించేది ఏదైనా చేయదగ్గ పనే చేసింది. అది చేయకుండా వదిలేసిన పని ఇంకా గొప్పది: అక్కర్లేని మందును ఒంట్లోకి పోనివ్వలేదు. పల్లెలో పడిశం పట్టినవాడికి శొంఠి కషాయం కాకపోతే దొరికేది పెద్ద నిపుణుడి సలహా కాదు. ఆర్‌ఎంపీ వేసే సూది, లేదా చీటీ లేకుండా మందుల అంగట్లో కొనే యాంటీబయాటిక్ బిళ్ల. వైరస్ వల్ల వచ్చే పడిశం మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఆ పోలికలో చూస్తే శొంఠిదే గెలుపు. చిట్కాలను ఎగతాళి చేసే చదువుకున్నవారు ఈ పోలిక మరచిపోతుంటారు.

దగ్గు సంగతి తీసుకుంటే తేనె నిజంగానే సాక్ష్యం ఉన్న మందు. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 105 మంది పిల్లలను గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు పడుకోబోయే ముందు ఒక మోతాదు తేనె ఇచ్చి చూశారు. ఏమీ ఇవ్వని పిల్లల కంటే వీళ్లకు రాత్రి దగ్గు తగ్గింది, నిద్ర పట్టింది. ఆ పరిశోధనకు డబ్బిచ్చింది అక్కడి తేనె మండలి అన్న సంగతి కూడా చెప్పుకోవాలి. తర్వాత వచ్చిన పరిశీలనలు కూడా మొత్తం మీద తేనె వైపే మొగ్గాయి. 2018లో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల సంస్థ మామూలు దగ్గుకు యాంటీబయాటిక్ రాయడానికి ముందు తేనె చెప్పమని తన వైద్యులకు సూచించింది. మన దగ్గర 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో విషపూరిత రసాయనం కలిసిన దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు దగ్గు సిరప్ వాడవద్దని కేంద్రం చెప్పింది. అలాంటప్పుడు అంగడి సీసా కన్నా ఇంట్లో తేనె చుక్క నయమనేవాళ్ల మాటలో బలం ఉంది. అయితే ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసికందు పేగులో మొలకెత్తి, కండరాలు చచ్చుబడే విషాన్ని తయారు చేస్తాయి. పుట్టిన బిడ్డ నోట తేనె చుక్క వేసే ఆచారం ఉన్న ఇళ్లన్నీ ఇది తెలుసుకోవాలి. ఆవిరి పట్టడం గురించి చెప్పాలంటే, ముక్కు తేలికైనట్టు ఉండడం నిజం. జలుబు త్వరగా తగ్గుతుందనడానికి గట్టి రుజువు దొరకలేదు. దుప్పటి కింద మరిగే గిన్నె ఒరిగి పిల్లలు కాలడం మాత్రం ఆసుపత్రులకు కొత్త కాదు. ముక్కు దిబ్బడకు వాసన చూపే ముద్ద కర్పూరం మరో ప్రమాదం. బిడ్డ చేతికి అందేలా మూటకట్టి వదిలితే నోట్లో పెట్టుకుంటుంది. కర్పూరం కొద్దిగా కడుపులోకి పోయినా మూర్ఛలు వస్తాయి.

ఇక గడువు. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించాలన్నది దేశమంతటా క్షయ నివారణ కార్యక్రమం పెట్టుకున్న నియమం. ఆళ్లగడ్డలో ఈ నియమానికి ఇంకో అర్థం కూడా ఉంది. ఆ ఊరు శిల్పులది. దేవతామూర్తుల కోసం నల్లరాయి చెక్కే పనివాళ్ల పేరు రాష్ట్రం దాటి వినిపిస్తుంది. ఉలి, సుత్తి మాత్రమే ఉన్న రోజుల్లో రాయి పెచ్చులుగా రాలేది. కోత యంత్రాలు, నునుపు పెట్టే చక్రాలు వచ్చాక పొడిగా లేస్తోంది. క్వార్ట్జ్ ఉన్న రాతి ధూళి కంటికి ఆననంత సన్నగా ఉన్నప్పుడు ఊపిరితిత్తుల లోపలి గదుల్లో చేరి మచ్చలు కట్టిస్తుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. వచ్చాక వెనక్కి పోయే మందు లేదు, క్షయ సోకే ముప్పు కూడా పెరుగుతుంది. అలాంటి పనివాడు ఏళ్ల తరబడి దగ్గుతూ తులసాకు, మిరియాలు, తేనె పుచ్చుకుంటే ఆ మూడింటి తప్పేమీ లేదు. అవి గొంతుకు సాంత్వన ఇస్తూనే ఉంటాయి. ఆ సాంత్వనే అతన్ని ఎక్స్‌రే దాకా పోనివ్వకుండా ఆపుతుంది. అతనికి కావలసిన ఇంటి చిట్కా వేరే ఉంది: కోసేటప్పుడు రాయి మీద నీళ్లు పారించడం, మంచి మాస్కు, ధూళి బట్టలతో ఇంట్లోకి పోకుండా స్నానం. పట్నంలో దగ్గే బడిపిల్లవాడికీ ఆళ్లగడ్డలో దగ్గే శిల్పికీ ఒకే వీడియో ఒకే కషాయం చెప్తోంది.

జ్వరానికి మన పెద్దలు ‘లంఖణం పరమౌషధం’ అన్నారు. ఆకలి లేని పెద్దవాణ్ని బలవంతంగా తినిపించవద్దన్నంతవరకు అది సబబే. తడిగుడ్డ, గంజి, విశ్రాంతి మంచివి. మూడు రోజులు దాటిన జ్వరానికి మాత్రం రక్తపరీక్ష కావాలి. డెంగీ కాలంలో బొప్పాయి ఆకు పసరు వాడకం ఊరూరా పాకింది. ప్లేట్‌లెట్ల సంఖ్య కొంచెం పెరిగినట్టు చిన్న చిన్న పరిశోధనలు చెప్పాయి, అంతవరకే. డెంగీలో అసలు గండం జ్వరం దిగిపోయే రోజుల్లో మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తు, చిగుళ్ల నుంచి రక్తం ఆ వేళకే కనిపిస్తాయి. పసరు తాగాక జ్వరం దిగిందని సంబరపడి ఇంట్లో ఉండిపోయే వేళ కూడా సరిగ్గా అదే.

కడుపు విషయానికి వస్తే గృహవైద్యం అన్నిటికన్నా తల ఎత్తుకుని నిలబడగల చోటు ఇదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల శిబిరాల్లో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ దగ్గర కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా పొట్లాలు కట్టించి నీళ్లలో కలిపి తాగించమని రోగుల బంధువులకే అప్పజెప్పారు. దాదాపు 30 శాతం దాకా ఉన్న మరణాలు, ఆ నీళ్లు తాగినవారిలో నాలుగు శాతం లోపుకు పడిపోయాయి. ఇందులో కిటుకు ఇది: బేదులవుతున్నప్పుడు ఒట్టి నీళ్లు తాగితే పేగు సరిగ్గా పీల్చుకోదు, ఉప్పుకు చక్కెర తోడైతే రెండూ కలిసి పేగు గోడ దాటుతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి. గంజిలో ఉప్పు వేసి తాగించిన ముసలమ్మకు ఈ శాస్త్రం తెలియదు. ఆమె చేతి లెక్క తప్పు కాలేదు. గంజిలోని పిండి పేగులో కరిగి గ్లూకోజే అవుతుంది. తర్వాత ఢాకాలో బియ్యప్పిండితో చేసిన ద్రావణం కలరా రోగులకు బాగా పనిచేస్తుందని తేలింది కూడా. కాబట్టి నంద్యాల సోనా బియ్యపు గంజికి ఇక్కడ పెద్దపీట వేయవచ్చు. ఓఆర్‌ఎస్ పొట్లం చేతిలో లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుతో సమంగా గీసి కలపాలి. ఉప్పు ఎక్కువైతే మందు విషమవుతుంది. కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపాలని పాత ఆరోగ్య కార్యకర్తలు చెప్పే గుర్తు ఇప్పటికీ పనికొస్తుంది. పొట్లం ఉంటే అదే మేలు. ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది, తోడుగా పిల్లలకు 14 రోజుల జింకు బిళ్లలు ఇస్తారు.

ఇక్కడ రెండు అడ్డంకులున్నాయి. ఒకటి పాతది: బేదులైతే బిడ్డ కడుపు మాడ్చాలన్న నమ్మకం. లంఖణం మాట పెద్దవాడికి ఎంత సబబో చంటిబిడ్డకు అంత ప్రమాదం. తల్లిపాలు ఆపకూడదు, మెత్తటి అన్నం ఆపకూడదు. రెండోది కొత్తది: ఓఆర్‌ఎస్ అని పేరు రాసుకుని అంగళ్లలో అమ్ముడైన తీపి పానీయాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ద్రావణంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. వీటిలో చక్కెర దానికి ఎన్నో రెట్లు. ఎక్కువ తీపి పేగులోకి నీటిని లాగి బేదులను పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు పానీయాల మీద వాడకూడదని ఆదేశించింది. తెలుగు నేల మీద ఒక ఇంటి మందు పరువు కాపాడిన పోరాటమది. ఇన్ని చేసినా గడువు మరచిపోరాదు. బిడ్డ పొట్ట మీది చర్మం రెండు వేళ్లతో పైకి పట్టి వదలండి. వెంటనే సర్దుకోకుండా ముడతలా నిలబడి నెమ్మదిగా దిగితే, కళ్లు లోతుకు పోతే, ఒంటేలు ఆగితే, పిలిచినా మత్తుగా ఉంటే మరో గ్లాసు కలుపుకుంటూ కూర్చోకూడదు. ఇక్కడ గడువు గంటల లెక్కే.

కడుపుబ్బరానికి చిటికెడు వాము ఉప్పురాయితో నమలడం అందరికీ తెలిసిందే. వాములోని ఘాటుకు కారణం థైమాల్. నోరు పుక్కిలించే మందుల్లోనూ అదే ఉంటుంది. పేగు బిగువును సడలించే గుణం వాముకు ఉందని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనబడింది. చెడుపు ఏమీ లేదు. కానీ ‘గ్యాస్ పట్టేసింది’ అన్న మాట ఎంతో ప్రమాదకరమైనది. గుండె మధ్యలో బరువు, ఎడమ చేయికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఆయాసం ఉన్నప్పుడు వాము నమిలి, సోడా తాగి, వెల్లకిలా పడుకుని గంట చూద్దామనుకోవడమే కొందరి చివరి గంట అవుతోంది. చక్కెర వ్యాధి ఉన్నవారికైతే నొప్పి అంతగా తెలియకుండానే గుండెపోటు రావచ్చు. ఇక్కడ గడువు నిమిషాల్లోకి వచ్చేసింది.

పసుపు మన చిట్కాల మహారాణి కనుక దానికి కొంచెం ఎక్కువ చోటు ఇవ్వక తప్పదు. గాయానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంట్ దక్కింది. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి, రఘునాథ్ మషేల్కర్ నాయకత్వంలో, ఇది మాకు తరతరాలుగా తెలిసిన సంగతేనని పాత గ్రంథాల సాక్ష్యంతో నిరూపించింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. ఇది గెలుపే. ఆ గెలుపు నుంచి చాలామంది తీసుకున్న అర్థం మాత్రం తప్పు. ఆ వాడకం కొత్తది కాదని తేలింది గానీ, ప్రతి గాయానికీ పసుపే మందని ఎవరూ తేల్చలేదు. పసుపులో కుర్కుమిన్ మూడు శాతం అటూ ఇటుగా ఉంటుంది. తిన్నదాంట్లో రక్తంలో చేరేది స్వల్పం. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపెరిన్ కలిపితే ఆ చేరిక ఎన్నో రెట్లు పెరుగుతుందని చూపారు. పసుపు పాలలో మిరియాలు చిటికెడు వేసిన చేయికి అక్కడ మార్కులు వేయాలి. ఇదే గుణాన్ని బిళ్లల్లోకి ఎక్కించి ఎక్కువ మోతాదులో అమ్మడం మొదలయ్యాక, కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలు అమెరికా వైద్య పత్రికల్లో వస్తున్నాయి. కూరలో పసుపు ఒకటి, సీసాలో పసుపు మరొకటి. పచ్చిగాయం మీద అంగడి పొడి చల్లడం కూడా ఆలోచించాల్సిన పనే. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకు మెరుపు కోసం సీసం కలిసిన రంగు పూసేవారని 2019లో బయటపడింది. మరీ బంగారంలా మెరిసే కొమ్మును చూసి మురిసిపోకూడదు. గాయానికి ముందు కావలసింది పంపు నీళ్లు, సబ్బు. కాలిన చోట పళ్ల పేస్టు, సిరా, పసుపు ఏదీ వద్దు. ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పారించాలి. ఇంత చవకైన వైద్యం ఎందుకో మన చిట్కాల జాబితాలోకి ఎక్కలేదు.

ఎండ గురించి నంద్యాల వాళ్లకు ఒకరు చెప్పేది లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్త కాదు. ఉప్పు వేసిన మజ్జిగ, జొన్న అంబలి, నన్నారి, సబ్జా నీళ్లు అన్నీ మంచివే. జేబులో ఉల్లిపాయ మాత్రం జేబుకే చలవ. ఎండలో పనిచేసినవాడు తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పినా నోట్లో నీళ్లు పోయకూడదు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు గుమ్మరించి, విసురుతూ 108కి ఫోను చేయాలి.

పసిబిడ్డల దగ్గర నా వాదన కాస్త కటువుగా ఉంటుంది. ముద్దుగా మాటలు రావాలని వసకొమ్ము అరగదీసి నాకిస్తారు. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం తెలుగులో ఆ అలవాటు నుంచి వచ్చిన ముద్దుమాట. వసలో ఉండే అసరోన్ అనే పదార్థం ఎలుకల్లో కణుతులు కలిగించిందని 1968లోనే అమెరికా దాన్ని ఆహారంలో కలపరాదని నిషేధించింది. మాటలు వస వల్ల రావు. బిడ్డతో మాట్లాడితే వస్తాయి, చెవి వినబడితే వస్తాయి. ఏడాదిన్నరైనా ఒక్క మాట పలకని బిడ్డకు వస నాకిస్తూ కూర్చుంటే చెవి పరీక్ష చేయించాల్సిన కాలం చేజారిపోతుంది. ముక్కులో ఆముదం చుక్కలు వేయడం అంతకన్నా చెడ్డది. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే తగ్గని నిమ్ము చేస్తుంది.

అసలు గడువే లేనివి కొన్ని ఉన్నాయి. కేసీ కాలువ కింద వరి కోతల వేళ రక్తపింజర, నాగుపాము, కట్లపాము తిరుగుతాయి. దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పసరు వేసి బతికించామనే వాళ్లు అబద్ధమాడడం లేదు. విషం లేని పాములు కరుస్తాయి, విషసర్పం కూడా కొన్నిసార్లు విషం వదలకుండానే కరుస్తుంది. ఆ బతుకులన్నీ పసరు ఖాతాలో పడతాయి, చచ్చినవాళ్లు విధి ఖాతాలో. తేలు మంత్రం సంగతీ అంతే. చాలా తేళ్ల కాట్లు కొన్ని గంటలు నొప్పి పెట్టి తగ్గిపోతాయి. ఎర్రతేలు వేరు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో, రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే చవక బిళ్ల ఎర్రతేలు కాటు ప్రాణాపాయాన్ని ఎంతగా తగ్గిస్తుందో ప్రపంచానికి చూపారు. అదొక పల్లె వైద్యుడు కనిపెట్టిన దేశీయ వైద్యం, ఏ ఆకుకూ తీసిపోదు. కుక్క కరిచిన చోట కారం, సున్నం అద్దడం ఇంకా ఉంది. పదిహేను నిమిషాలు సబ్బుతో పారే నీళ్ల కింద కడగడం, ఆ రోజే టీకా మొదలుపెట్టడం తప్ప అక్కడ వేరే దారి లేదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

ఇంతకూ శాస్త్రం మన మొక్కల్ని పరీక్షించకుండానే కొట్టేస్తోందని ఒక ఆరోపణ. నేల ఉసిరి కథ అందుకు జవాబు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్నవారికి నేల ఉసిరి పొడి ఇస్తే 59 శాతం మందిలో వైరస్ ఆనవాలు మాయమైందని ‘లాన్సెట్’లో ప్రకటించారు. పెద్ద పత్రిక గౌరవంగా అచ్చు వేసింది. ప్రపంచమంతా ఆశగా మళ్లీ ప్రయత్నించింది. ఆ ఫలితం మళ్లీ రాలేదు. దీన్ని కుట్ర అనగలమా? కామెర్లలో ఎక్కువ భాగం నీటి ద్వారా సోకే హెపటైటిస్. అది చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. అందుకే పసరు మందు ప్రతి ఊళ్లోనూ గెలుస్తుంది. పిత్తనాళం రాయితో మూసుకుపోయి వచ్చిన కామెర్లకు, మద్యం వల్ల వచ్చినవాటికి మాత్రం ఆ గెలుపు దక్కదు. కంటి పచ్చదనం చూసి ఇది ఏ కామెర్లో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మరో ఆక్షేపణ: మా తాతలు ఆకులతోనే నూరేళ్లు బతికారు గదా. నూరేళ్లు బతికిన తాత కథ చెప్పడానికి మిగిలాడు, ఏడాది నిండకుండా పోయిన అతని తోబుట్టువులు మిగల్లేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్లు. ఆయుర్వేదాన్ని అవమానిస్తున్నారన్న కోపం కూడా ఉంది. నిజానికి ఆయుర్వేదం నాడి చూసి, ప్రకృతి తెలుసుకుని, మోతాదు నిర్ణయించి, పథ్యం చెప్పే శాస్త్రం. ముక్కూమొహం తెలియని లక్షమందికి ఒకే కషాయం చెప్పే వీడియోను దాని పేరుతో చలామణీ చేయడమే అసలు అవమానం. ఇక మొక్కకు చెడుపు ఉండదన్న మాట. కోవిడ్ కాలంలో తిప్పతీగ అతిగా వాడి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు రాశారు. తిప్పతీగ తప్పు లేదు, దాన్ని పోలిన వేరే తీగ వాడి ఉంటారని ఆయుష్ శాఖ అన్నది. శాఖ మాటే నిజమనుకుందాం. గోడ మీద పాకిన తీగ ఏదో పోల్చుకోలేని పట్నవాసికి పెరటి వైద్యం చెప్పకూడదని శాఖే ఒప్పుకున్నట్టయింది. చెంచు పెద్దకు ఆ ఇబ్బంది లేదు. అతని జ్ఞానంలో ఆకు ఒక్కటే కాదు, ఏ ఆకో తెలియడం, ఏ కాలంలో కోయాలో తెలియడం ఉన్నాయి. ఆకు మాత్రం ఊళ్లోకి వచ్చి, తెలివి అడవిలోనే ఆగిపోయింది.

కొత్తగా వచ్చిన చిక్కు చక్కెర వ్యాధితో. ఇది రోజువారీ జబ్బు కాదు, రోజూ ఉండే జబ్బు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1980, 90లలో మెంతుల మీద మంచి పని చేసింది; రక్తంలో చక్కెర తగ్గింది కూడా. 1990లో అచ్చయిన వాళ్ల ప్రయోగంలో మోతాదు రోజుకు వంద గ్రాముల మెంతి పొడి. రాత్రి నానబెట్టిన చెంచాడు మెంతులతో దానికి పోలికేమిటి? కొర్రల మాటా ఇలాంటిదే. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది లాంటి మంచి కొర్ర రకాలు ఇచ్చింది. పాలిష్ పట్టిన సోనా అన్నం బదులు కొర్రన్నం తినడం మేలైన భోజనం. భోజనం మేలైనంతమాత్రాన బిళ్ల మానేయకూడదు. దగ్గు తగ్గిందో లేదో ఒంటికి తెలుస్తుంది. చక్కెర పెరిగిందని ఒళ్లు చెప్పదు, కన్నూ మూత్రపిండమూ పోయాక చెప్తుంది. ఒళ్లు చెప్పని జబ్బు మీద చిట్కా పనిచేసిందని చెప్పగలిగేది రక్తపరీక్ష ఒక్కటే. మూడు నెలల సగటు చూపే పరీక్ష చేయించుకోకుండా మెంతుల్ని పొగిడినా తిట్టినా ఒకటే.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య కోవిడ్‌కు ఇచ్చిన మందు కోసం బారులు తీరిన జనాన్ని వెర్రివాళ్లనడం తేలిక. ఆక్సిజన్ పడక దొరకని రోజులవి. ప్రభుత్వం పరిశీలింపజేసి, నెలాఖరుకు కంటి చుక్కలను పక్కనపెట్టి కొన్నింటికి అనుమతించింది. హాని లేదన్నారే గానీ నయం చేస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. ఆసుపత్రి తలుపు మూసుకున్న చోట పెరటి తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి చిట్కాల మీద విరుచుకుపడే వైద్యులు ముందు తమ తలుపు సంగతి చూసుకోవాలి. అహోబిలం దాపున ఉన్న గూడెం నుంచి అర్ధరాత్రి బిడ్డను ఎత్తుకుని ఆళ్లగడ్డ చేరాలంటే ఏ బండి ఎక్కాలో తెలియని తల్లికి గడువుల పట్టిక ఇచ్చి లాభం లేదు.

చిట్కాలు రాసే పత్రికలవారికీ వీడియోలు పెట్టేవారికీ ఒక విన్నపం. శొంఠి ఎంత, తేనె ఎంత అని కొలతలు జాగ్రత్తగా ఇస్తున్నారు. కింద ఇంకొక్క వరుస చేర్చండి: ఎన్ని రోజులు లేదా ఎన్ని గంటలు చూడవచ్చో, ఏం కనిపిస్తే ఆపేసి బయల్దేరాలో రాయండి. ఆ వరుస రాయలేని చిట్కాను అచ్చు వేయకండి.